తొలేళ్ళ రాత్రికి ఏ పాత సినిమా పెట్టాలి? ఒక క్యాసెట్ల కొట్టువాడి లెక్క

పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి విజయనగరంలో చుట్టాలు దిగని ఇల్లుండదు. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను, ముందురోజు సోమవారం తొలేళ్ళు. సోమవారం సాయంత్రానికే పార్వతీపురం నుంచి, రాజాం నుంచి, పాలకొండ నుంచి జనం వచ్చేస్తారు. మా ఇంట్లో ఆ రాత్రి పదిహేనుమందికి చాపలు పరుస్తాం. గుడికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేసరికి పదకొండు దాటుతుంది. ఎవరికీ నిద్ర రాదు. అప్పుడు ఎవరో ఒకరు అంటారు, "ఒరే, ఏదైనా పాత బొమ్మ ఎట్టరా" అని.

అక్కణ్ణుంచి గొడవ. అమ్మ ఒకటంటుంది, బావ ఇంకోటంటాడు, పిల్లలకి నలుపు తెలుపు అంటేనే చిరాకు. అరగంట వాదులాడుకుని ఏదో ఒకటి పెడతాం. ఇరవై నిమిషాలకి సగంమంది చేతుల్లో ఫోన్లు వెలుగుతుంటాయి.

ఈ గొడవ తీర్చడం ఒకప్పుడు నా బతుకుతెరువు. 1990ల్లో గంటస్తంభం దగ్గర ఒక సందులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు నడిపాను. టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు కలిపి రాత్రికి ఇంత అని మాట్లాడుకుని రిక్షాలో పంపేవాణ్ణి. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: "మంచి సినిమా ఇయ్యి బాబూ." మొదట్లో నిజంగానే మంచి సినిమాలు ఇచ్చేవాణ్ణి. ఒకసారి పెళ్ళివారెవరో వచ్చి నాగేశ్వరరావు పాత హిట్టు కావాలంటే 'దేవదాసు' ఇచ్చి పంపాను. మర్నాడు పెళ్ళికూతురి మేనమామ క్యాసెట్టు బల్లమీద గిరాటేసి, "శుభమా అని పెళ్ళి సేసుకుంతుంటే తాగి సచ్చిపోయేవోడి బొమ్మ ఇస్తావేటి" అన్నాడు. ఆయనన్నదాంట్లో తప్పేమీ లేదు. దేవదాసు గొప్పదే, ఆ రాత్రికి ఆ ఇంటికి కాదు.

అందుకని ఇక్కడ ఏ సినిమా గొప్పదో చెప్పను. ఎవరి గదిలో ఏది ఆడుతుందో చెప్తాను. అభిప్రాయాలన్నీ నావే. ఒప్పుకోనివాళ్ళు మా వీధిలోనే చాలామంది ఉన్నారు.

ముందు గదిని చూడండి

మొదట టైము. పాత సినిమాల్లో చాలావరకు రెండున్నర గంటల నుంచి మూడు గంటలు ఉంటాయి. రాత్రి పదకొండుకి మొదలుపెడితే రెండవుతుంది. పొద్దున్నే లేచి వంట చెయ్యాల్సినవాళ్ళు గదిలో ఉంటే ఆ లెక్క ముందే వేసుకోవాలి.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: సినిమా మాట మీద నడుస్తుందా, బొమ్మ మీద నడుస్తుందా? పదిహేనుమంది ఉన్న గదిలో నిశ్శబ్దం ఉండదు. ఒకరు మంచినీళ్ళడుగుతారు, ఒకరికి ఫోనొస్తుంది, పక్కింటావిడ ప్రసాదం పట్టుకొస్తుంది. మాట మీద నడిచే సినిమా అయితే రెండు వాక్యాలు పోయాయంటే తీగ తెగినట్టే. బొమ్మ మీద నడిచేదైతే పది నిమిషాలు లేచి వెళ్ళొచ్చినా కథ అందుతుంది.

మూడోది, గదిలో ఎవరున్నారన్నది. పిల్లలా, ముసలివాళ్ళా, కొత్తగా పెళ్ళయినవాళ్ళా, ఈమధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళా. ఈ ఆఖరివాళ్ళని జనం మర్చిపోతారు. ఏడుపు సినిమా పెట్టేముందు ఒక్కసారి గదంతా చూసుకోండి.

ఇక టీవీ సంగతి. 1970ల దాకా వచ్చిన మన సినిమాలు చాలావరకు దాదాపు 4:3 కొలతలో తీసినవి. ఇప్పటి వెడల్పు టీవీలో వాటిని తెరనిండా సాగదీస్తే మనుషులంతా పొట్టిగా, లావుగా కనిపిస్తారు. సావిత్రి మొహం దోసకాయలా కనిపిస్తే ఆవిడ తప్పు కాదు, మీ రిమోట్ తప్పు. పిక్చర్ సెట్టింగులోకి వెళ్ళి 4:3 పెట్టండి, అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. యూట్యూబ్‌లో అయితే ఒకే సినిమాకి నాలుగైదు ప్రింట్లుంటాయి. కొన్నిటిలో పైన తలలు తెగుతాయి, కొన్నిటిలో పాటలు ఎగిరిపోతాయి. పొద్దున్నే ఓసారి తెరిచి అయిదు నిమిషాలు చూసుకుంటే రాత్రి పరువు దక్కుతుంది.

ఇంటినిండా జనం: మాయాబజార్, గుండమ్మ కథ, మిస్సమ్మ

మూడూ విజయా వారివే. మూడిట్లోనూ రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, ఎస్వీ రంగారావు ఉన్నారు. అందుకే జనం ఏదైనా ఒకటే అనుకుంటారు. కొట్లో ఈ మూడూ పక్కపక్కనే పెట్టేవాణ్ణి కానీ, ఇచ్చేటప్పుడు మాత్రం మనుషుల్ని చూసి ఇచ్చేవాణ్ణి.

పిల్లలుంటే ఆలోచించకండి, 'మాయాబజార్' (1957). ఇంత సందడిలోనూ నిలబడేది ఇదొక్కటే, ఎందుకంటే సగం సినిమా కంటితోనే అర్థమవుతుంది. ఘటోత్కచుడు పెళ్ళి విందు మొత్తం ఒక్కడే ఊదేస్తుంటే లడ్డూలు వాటంతటవే నోట్లోకి ఎగిరే చోట, ఫోన్లు పట్టుకున్న పిల్లలు కూడా తలెత్తుతారు. నేను చాలాసార్లు గమనించాను. మహాభారతం తెలియని పిల్లలున్నా ఇబ్బంది లేదు. అసలిది పాండవుల ఇంటి పెళ్ళి కథే అయినా పాండవులు అయిదుగురిలో ఒక్కరూ తెరమీద కనిపించరు. ఈ మాట ముందు చెప్పి, ఎవరైనా కనిపిస్తే పదిరూపాయలిస్తానని పిల్లలతో పందెం కట్టండి, సినిమా అయ్యేదాకా కదలరు.

2010లో దీనికి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. రంగుల్లో పెట్టాలా, నలుపు తెలుపులోనా? పిల్లలు మరీ మొండికేస్తే రంగుది పెట్టండి. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెల, ఆ పడవ పాటలో నీటిమీద మెరుపు, నలుపు తెలుపులోనే వెన్నెల. రంగులో అది నీలంగా కనిపించే ఇంకేదో.

'గుండమ్మ కథ' (1962) విషయంలో నా మాట కొంతమందికి నచ్చదు. సూర్యకాంతం కోసం, అంజి వేషంలో రామారావు కోసం, ఆ పాటల కోసం దీన్ని ఎన్నిసార్లయినా చూస్తాను. మామ్మలూ అమ్మలూ ఉన్న గదిలో దీనికి తిరుగులేదు. కానీ నాగేశ్వరరావు జమునకి 'బుద్ధి చెప్పే' భాగం వచ్చేసరికి మా అప్ప లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. కాలేజీ చదివే మేనకోడలైతే వెళ్ళదు, అక్కడే కూర్చుని నన్ను ప్రశ్నలడుగుతుంది. "పెళ్ళానికి అబద్ధాలు చెప్పి కష్టపెట్టినవాడు హీరో ఎలా అవుతాడు మావయ్యా?" నా దగ్గర జవాబు లేదు. అలాంటి పిల్లలు గదిలో ఉంటే సినిమా అయ్యాక ఓ గంట వాదన కూడా ఉంటుందని లెక్క వేసుకోండి.

నా ఓటు 'మిస్సమ్మ'కి (1955). పెళ్ళయిన జంట అయితేనే బడిలో ఉద్యోగమన్న షరతు, ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాల్లా నటించే ఇద్దరు, అందులో ఒకరు క్రైస్తవుల పిల్ల, ఒకరు హిందువుల అబ్బాయి. నిరుద్యోగం గురించి, మతం గురించి ఇంత తేలిగ్గా మాట్లాడిన సినిమా తెలుగులో నేను ఇంకోటి చూడలేదు. ఎక్కడా ఎవరికీ ఎవరూ బుద్ధి చెప్పరు. సావిత్రి మొహం చిట్లించుకునే తిరుగుతుంది, అయినా కళ్ళు తిప్పుకోలేం. ఆ వేషానికి ముందు అనుకున్నది భానుమతిని. ఒక లోపముంది: ఇది పూర్తిగా మాట మీద నడిచే సినిమా. గదిలో ఆరుగురు దాటితే పండదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురు నడుం వాల్చి చూడ్డానికి దీన్ని మించింది లేదు.

మొత్తం బేరీజు ఒకచోట కావాలనేవాళ్ళకి ఈ పట్టిక. 'లేవచ్చా' అంటే మధ్యలో పది నిమిషాలు లేచి వెళ్ళినా కథ తప్పదా అని.

| సినిమా | ఏడాది | నడిచేది | లేవచ్చా | ఎవరితో చూడాలి | ఎవరితో వద్దు |
|---|---|---|---|---|---|
| మాయాబజార్ | 1957 | బొమ్మ మీద | నిశ్చింతగా | పిల్లలు, అందరూ | లేరు |
| గుండమ్మ కథ | 1962 | రెండూ | లేవచ్చు | అమ్మలు, మామ్మలు | వాదనకి ఓపిక లేనివాళ్ళు |
| మిస్సమ్మ | 1955 | మాట మీద | వద్దు | నలుగురైదుగురు | పెద్ద గుంపు |
| దాన వీర శూర కర్ణ | 1977 | డైలాగు మీద | నిద్ర కూడా పోవచ్చు | జాగారం చేసేవాళ్ళు | పొద్దున్నే పనున్నవాళ్ళు |
| కన్యాశుల్కం | 1955 | మాట మీద | వద్దు | నాటకం తెలిసినవాళ్ళు | మొదటిసారి వినేవాళ్ళు |
| మల్లీశ్వరి | 1951 | పాట మీద | వద్దు | ఒక్కరూ, ఇద్దరూ | తొందరున్నవాళ్ళు |
| శంకరాభరణం | 1980 | పాట మీద | పాటలో వద్దు | పెద్దవాళ్ళు | గిటారు కుర్రాళ్ళు |
| మరో చరిత్ర | 1978 | బొమ్మ మీద | వద్దు | ఒంటరిగా | చుట్టాలు |
| అహ నా పెళ్ళంట | 1987 | మాట మీద | లేవచ్చు | అలిసిపోయినవాళ్ళు | లేరు |

జాగారానికి

తొలేళ్ళ రాత్రి తెల్లవార్లూ మేలుకుంటామనుకునేవాళ్ళకి 'దాన వీర శూర కర్ణ' ఉంది. నిడివి నాలుగు గంటలకి దగ్గర. రామారావు ఒక్కడే కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, పైగా దర్శకత్వం. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు మన పల్లెల్లో పద్యనాటకాలు వేసేవాళ్ళకి కంఠతా వచ్చు. దుర్యోధనుడు నోరు తెరిచేలోపే మా పెదనాన్న గది మూలనుంచి ఆ డైలాగు పూర్తి చేసేస్తాడు. ఇది సినిమాలా కాదు, జాతరలా చూడాల్సింది. మధ్యలో టీ పెట్టుకోవచ్చు, ఓ కునుకు తియ్యొచ్చు, లేచేసరికి ఇంకా యుద్ధం అవుతూనే ఉంటుంది.

సినిమాగా చూస్తే మాత్రం 'నర్తనశాల' (1963) దీనికంటే బాగా కట్టినది. ఎస్వీ రంగారావు కీచకుడికి జకార్తా చలనచిత్రోత్సవంలో బహుమతి వచ్చింది, ఆయన నడక చూస్తే ఎందుకొచ్చిందో తెలుస్తుంది. తొందరగా పడుకోవాలనుకునేవాళ్ళు కర్ణుణ్ణి వదిలి కీచకుణ్ణి పట్టుకోండి.

మన ఊరి కథ: కన్యాశుల్కం

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. విజయనగరంవాణ్ణి కదా.

నాటకం మొదలయ్యేదే బొంకుల దిబ్బ దగ్గర. నేను రోజూ స్కూటరు మీద వెళ్ళే దారి. నాటకం రాసిన గురజాడ ఇల్లు ఇప్పటికీ ఊళ్ళో ఉంది. నాటకం మొదటిసారి ఆడింది 1892లో, ఇప్పుడు మనం చదువుతున్న రూపం వచ్చింది 1909లో. అంత పాత నాటకంలో ఇప్పటికీ మన వీధి మాట వినిపిస్తుంది. అదే దాని బలం. అదే సినిమాకి కష్టం కూడా.

1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన సినిమాలో గిరీశం రామారావు, మధురవాణి సావిత్రి, రామప్పపంతులు సీఎస్సార్, లుబ్ధావధాన్లు గోవిందరాజుల సుబ్బారావు, పాటలకి ఘంటసాల సంగీతం. పేర్లు చదివితే ఇంకేం కావాలనిపిస్తుంది. సావిత్రి మటుకు నిజంగా మధురవాణే. ఆ నవ్వులోని తెలివి, ఎదుటివాడి వెర్రిని ఓ పక్కనుంచి చూసే ఆ చూపు చూస్తుంటే గురజాడ రాసుకున్నది ఈవిడ కోసమేనేమో అనిపిస్తుంది. సీఎస్సార్ కూడా ఎక్కడా తక్కువ చెయ్యలేదు.

తేడా గిరీశంతోనే. మా ఊళ్ళో పాతతరంవాళ్ళకి గిరీశం అంటే జె.వి.రమణమూర్తి. ఆయనా, అన్న సోమయాజులూ కలిసి ఈ నాటకాన్ని ఎన్నో ఊళ్ళు తిప్పారు. అన్న రామప్పపంతులు, తమ్ముడు గిరీశం. ఆ గిరీశం సన్నగా, జారుడుగా, చేతికి దొరక్కుండా ఉంటాడు. రామారావు గిరీశం బాగానే నటించాడు. కానీ ఆయన తెరమీదికి రాగానే మనం హీరోని చూస్తాం, డాబు తప్ప జేబులో దమ్మిడీ లేనివాణ్ణి కాదు. గిరీశం అందగాడైపోతే అతని అబద్ధాలకి పదును పోతుంది.

కాబట్టి ఎంపిక ఇలా చేసుకోండి. నాటకం చదివినవాళ్ళు, కనీసం ఎవరైనా చదువుతుంటే విన్నవాళ్ళు సినిమా చూడండి, పోల్చుకుంటూ చూడ్డంలో ఎంతో సరదా ఉంది. చదవనివాళ్ళు ముందు పుస్తకం తెరవండి, ఇద్దరు ముగ్గురు పాత్రలు పంచుకుని పైకి చదవండి. మన యాస మన నోట్లోనే ఉంది కదా, కొత్తగా నేర్చుకోవక్కర్లేదు. బయటి జిల్లాలకి వెళ్ళిన మన పిల్లలకి ఇది నేను గట్టిగా చెప్పే మాట. మొదటిసారే సినిమా చూసి, 'ఇంతేనా కన్యాశుల్కం' అనుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

పాట కోసం కూర్చునేవాళ్ళకి

మన జిల్లాల గాలిలోనే ఏదో ఉంది. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టినవాడు సంగీత దర్శకుడు రాజేశ్వరరావు. మహారాజా సంగీత కళాశాలలో చదువుకోడానికి వచ్చి, ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తుకుని బతికినవాడు ఘంటసాల. అదే కళాశాలలో పాట నేర్చుకున్న మన ఊరి పిల్ల సుశీల. పాత సినిమా పెట్టారంటే వీళ్ళలో ఒకరైనా వినిపించకుండా ఉండరు. మిస్సమ్మ సంగీతం రాజేశ్వరరావుది, అందులో జమునకి పాడింది సుశీల. మాయాబజార్‌కి సంగీతం ఘంటసాల పేరు మీదే ఉన్నా కొన్ని వరసలు రాజేశ్వరరావు కట్టినవి.

అయితే పాట కోసమే సినిమా చూస్తామంటే పోటీ రెండిటి మధ్యే.

'మల్లీశ్వరి' బి.ఎన్.రెడ్డి తీసినది. మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రి, సంగీతం రాజేశ్వరరావు. కథ చిన్నది. వానకి మండపంలో తలదాచుకున్న బావామరదళ్ళు, అక్కడే మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, పెద్దన. మల్లికి రాణివాసం పల్లకి పంపించమని నాగరాజు వేళాకోళానికి అంటాడు. రాజుగారు నిజంగానే పంపిస్తాడు. ఆ ఒక్క వేళాకోళం చుట్టూనే సినిమా అంతా తిరుగుతుంది. నెమ్మదిగా నడుస్తుంది, అది దాచను. కొట్లో ఈ క్యాసెట్టు తీసుకెళ్ళినవాళ్ళలో సగంమంది "సాగదీశాడు" అన్నారు, మిగతా సగం వారం రోజులు తిరిగివ్వలేదు. మధ్యలో ఎవరూ లేరు. దీపాలార్పి, ఒక్కరో ఇద్దరో కూర్చుని చూడాలి. భానుమతి పాడుతున్నప్పుడు పక్కన చిప్స్ ప్యాకెట్టు చప్పుడైతే నాకు ఒళ్ళు మండుతుంది.

'శంకరాభరణం' గురించి చెప్తే మా బంధువుల్లోనే కొందరు నాతో మాట్లాడ్డం మానేస్తారు, అయినా చెప్తాను. శంకరశాస్త్రి వేసిన జె.వి.సోమయాజులు మన మనిషి, శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టాడు. డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ ఈ వేషం వేశాడు. ఆ మనిషి నడిచొస్తుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మహదేవన్ సంగీతం, బాలు, వాణీ జయరాం పాటలు, ముగ్గురికీ జాతీయ అవార్డులొచ్చాయి. మంజుభార్గవి దాదాపు మాట్లాడకుండానే మనసులో నిలిచిపోతుంది. ఇంత చెప్పాక కూడా, పాశ్చాత్య సంగీతం వాయించే కుర్రాళ్ళకి శాస్త్రిగారు పాఠం చెప్పే చోట నాకు రచయిత వేలు కనిపిస్తుంది. ఆ కుర్రాళ్ళని కావాలనే వెర్రివాళ్ళుగా రాశారు. మా మేనల్లుడు గిటారు వాయిస్తాడు. ఆ సీను వచ్చినప్పుడల్లా వాడు నా వైపు చూసి నవ్వుతాడు.

పెద్దవాళ్ళతో కూర్చుంటే శంకరాభరణం. రెండున్నర గంటల లోపే అయిపోతుంది, అదో సుఖం. ఒక్కరే ఉంటే మల్లీశ్వరి. నన్ను ఒకటే ఉంచుకోమంటే మల్లీశ్వరి ఉంచుకుంటాను.

ఏడవాలనుకునేవాళ్ళకి

కొందరికి ఏడుపు కావాలి, అందులో సిగ్గుపడ్డానికేం లేదు. 'దేవదాసు' (1953), 'మరో చరిత్ర' రెండూ అందుకు పనికొస్తాయి కానీ రెండూ వేరే రకం ఏడుపులు.

దేవదాసులో దుఃఖం నెమ్మదిగా నీరు ఊరినట్టు ఊరుతుంది. సి.ఆర్.సుబ్బరామన్ ఆ పాటలు కట్టి, సినిమా విడుదల చూడకుండానే పోయాడు. అది తెలిసి వింటే ఆ పాటలు ఇంకోలా వినిపిస్తాయి. నాకు మాత్రం వయసొచ్చేకొద్దీ దేవదాసు మీద జాలి తగ్గుతోంది, పార్వతి మీద పెరుగుతోంది. ఇరవైల్లో చూసినవాళ్ళు యాభైల్లో మళ్ళీ చూడండి, సినిమా మారిపోయి ఉంటుంది.

మరో చరిత్ర మనకి గంట దూరంలో తీసిన సినిమా. విశాఖ, భీమిలి సముద్రం. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, ఏడాదిపాటు కలుసుకోకూడదని పెద్దల షరతు. రంగుల సినిమాలు మామూలైపోయిన 1978లో బాలచందర్ దీన్ని నలుపు తెలుపులోనే తీశాడు, సరితకి ఇదే మొదటి సినిమా. తెలుగు మాటలతోనే మద్రాసులో నెలల తరబడి ఆడింది. భీమిలి బీచికి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడల్లా నాకు ఆ అలలు నలుపు తెలుపులోనే కనిపిస్తాయి. ఆఖరి ఘట్టం చెప్పను. పెళ్ళి మాటలు నడుస్తున్న ఇంట్లో, ప్రేమ గొడవ ఏదైనా రగులుతున్న ఇంట్లో మాత్రం ఇది పెట్టకండి. ఆ మేనమామ మాట నేను ఇంకా మర్చిపోలేదు.

నవ్వు

ఇక్కడ ఎంపిక కష్టం కాదు. రోజంతా సిరిమాను జనంలో నలిగి వచ్చినవాళ్ళకి జంధ్యాల 'అహ నా పెళ్ళంట' పెట్టండి. కోట శ్రీనివాసరావు కోడిని ఎదురుగా వేలాడదీసుకుని దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీను ఫోన్లో వందసార్లు చూసినవాళ్ళు కూడా, మొత్తం సినిమాలో అది వచ్చే చోట కొత్తగా నవ్వుతారు. మధ్యలో లేచినా పర్వాలేదు, వచ్చేసరికి ఇంకో పిసినారితనం సిద్ధంగా ఉంటుంది. అదే జంధ్యాల తీసిన 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984) ఇంకా మెత్తటి నవ్వు, కొత్త జంటలకి అది.

ఆవేశం కావాలంటే

అల్లూరి కథ మన మన్యానిది కాబట్టి 'అల్లూరి సీతారామరాజు' (1974) మా ఇళ్ళల్లో అడక్కుండానే ఓట్లు పడే సినిమా. కృష్ణకి నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోపు. అందుకే ఇప్పటి వెడల్పు టీవీలో ఇది పాతవాటన్నిటికంటే దర్జాగా కనిపిస్తుంది, సెట్టింగు మార్చే పనుండదు. మొదటి గంట కాస్త పాటలతో నడిచినా చింతపల్లి అడవుల్లోకి వెళ్ళాక ఇక ఆగదు. దీని పక్కన 'మా భూమి' (1980) పెట్టి చూస్తే ఒకటి వీరుడి కథ, ఒకటి ఊరి కథ. గౌతమ్ ఘోష్ తీసిన ఆ తెలంగాణ సాయుధ పోరాటంలో హీరో ఎంట్రీలు ఉండవు. మా బావ అరగంటకే లేచాడు. రైతు సంఘంలో తిరిగిన మా చిన్నాన్న మాత్రం అయ్యాక కూడా ఏం మాట్లాడకుండా కూర్చున్నాడు. మీ ఇంట్లో బావలు ఎక్కువో చిన్నాన్నలు ఎక్కువో చూసుకోండి.

ఇంకా తేలకపోతే

నలుపు తెలుపు ఒక్కటీ చూడనివాళ్ళకి మొదటి సినిమాగా మాయాబజార్ కాకుండా మిస్సమ్మ ఇస్తాను. మాయాబజార్ గురించి పుట్టినప్పట్నుంచీ విని ఉంటారు, అంత విన్నాక ఏది చూసినా ఇంతేనా అనిపించే ప్రమాదముంది. మిస్సమ్మ గురించి ఎవరూ అంత చెప్పి ఉండరు. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఒంటరిగా అద్దెగదిలో ఉన్న కుర్రాళ్ళకీ అదే, ఉద్యోగం వెతుక్కున్న బాధ తెలిసినవాళ్ళు కాబట్టి. చెవులు సరిగా వినపడని పెద్దవాళ్ళుంటే మాట మీద నడిచేవన్నీ పక్కన పెట్టి పౌరాణికం పెట్టండి, కథ వాళ్ళకి ముందే తెలుసు, మాట వినపడకపోయినా వాళ్ళే పక్కవాళ్ళకి చెప్తారు. ఇద్దరు పట్టుబట్టి రెండు సినిమాలడిగితే చిన్నది ముందు పెట్టండి. పెద్దది ముందు పెడితే రెండోది ఎవరూ చూడరు. ఇది కొట్టు నడిపిన పదేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈసారి మా ఇంట్లో తొలేళ్ళకి అహ నా పెళ్ళంట, ఆ తర్వాత మేలుకున్నవాళ్ళకి కర్ణుడు అనుకున్నాం. అమ్మ మాత్రం 'లవకుశ' అంటోంది. ప్రతి ఏడూ అదే అంటుంది. సీతని అడవిలో వదిలేసే చోట ఏడ్చి, బీపీ మాత్ర వేసుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. కర్ణుడి బదులు అదే పెట్టేద్దామని బావ కూడా ఆవిడ పక్షం చేరాడు. మా పెదనాన్నకి ఇంకా చెప్పలేదు.